చావడిలో చోటు

మొన్న మా ఇంటికి ఇంకో అట్టపెట్టె వచ్చింది. ఈ వారంలో అది నాలుగోది. ఇంట్లో ఉండేది నలుగురం, ఉన్నవి మూడు గదులు. పెట్టె విప్పితే కాళ్ళకు మర్దన చేసే యంత్రం బయటపడింది. మా కోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని హాలంతా తిరిగింది. సోఫా పక్కన ఆమధ్య కొన్న నడక యంత్రం ఉంది, దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. బాల్కనీలో విప్పని పెట్టెలే రెండున్నాయి. చివరికి నా గదిలోకి వచ్చి మంచం కిందికి వంగి చూసింది.

"అత్తయ్యా, ఇక్కడ కాస్త చోటుంది కదా, పెట్టుకోనా?"

"పెట్టుకోమ్మా" అన్నాను.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. తన మీద కోపం వచ్చిందేమోనని పాపం ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. ఆమె మీద నాకేం కోపం? చోటుంది, చోటు లేదు అనే మాటలు వింటే నాకు మా ఊరి చావడి గుర్తుకొస్తుంది. ఆ చావడి కథ నా పెనిమిటికి సగమే చెప్పాను. పిల్లలకు అసలే చెప్పలేదు. ఆ మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. పడమట వరి మళ్ళు, తూర్పున సరుగుడు తోపులు. తోపులు దాటి, పడవల కాలువ మీది చెక్క వంతెన దాటితే ఇసుకలో జాలర్ల పాళెం. పాళెంలో యాభై అరవై గుడిసెలుండేవి, అన్నీ తాటాకువే. చుట్టుపక్కల మిద్దె ఇల్లు మాదొక్కటే.

ఆ ఇంటికి ముందుభాగంలో పది బారల పొడుగున చావడి ఉండేది. మూరెడు మందం గోడలు, చిన్న చిన్న కిటికీలు, ఏనుగు గుద్దినా కదలని తలుపులు. అంత పెద్ద చావడిలో మా తాత ఒక్క మంచం కూడా వేయనిచ్చేవాడు కాదట. వడ్ల బస్తా తెచ్చి గోడకు ఆనించినా కేకలు వేసేవాడట. మా అవ్వ నన్ను ఒళ్ళో వేసుకుని తల దువ్వుతూ ఆ సంగతులు చెప్పేది.

"మీ తాత ఈ చావడి మనకోసం కట్టలేదు మే. గాలివాన వస్తే పాళెం వాళ్ళు యాడికి పోతారు? పసిబిడ్డలూ ముసలోళ్ళూ అందరూ ఈడికే వచ్చేవాళ్ళు. నూటేభై మంది ఒకరినొకరు ఆనుకొని కూర్చునేవాళ్ళు. నేను పెద్ద అండాలో గంజి కాసేదాన్ని. గాలి తగ్గినాక ఎవురి దోవన వాళ్ళు పోయేవాళ్ళు."

అవ్వ ఉన్నంత కాలం చావడి అలాగే ఉంది. నున్నటి గచ్చు, తలుపు తీస్తే సముద్రపు గాలి, మూలన చుట్టి పెట్టిన ఈతచాపలు. నేను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిగెత్తి, గోడను తాకి వెనక్కి వచ్చేదాన్ని. అవ్వ పోయిన మరుసటేడు నుంచి మా నాయన సామాను తేవడం మొదలుపెట్టాడు.

మా నాయనకు దురలవాట్లంటూ లేవు. చుట్ట ముట్టడు, పేక ముట్టడు. మంచివాడనే ఊళ్ళో పేరు. ఆయనకున్నది ఒక్కటే బలహీనత. చవగ్గా వస్తుందంటే ఏదైనా కొనేవాడు. జమీందారీలు పోయి, పెద్ద బంగళాల్లోని సామాను వేలాలకు వస్తున్న రోజులవి. నెల్లూరులోనో మద్రాసులోనో వేలం ఉందని చెవిన పడితే చాలు, పైపంచె భుజాన వేసుకుని బయలుదేరేవాడు. నాలుగు రోజుల తర్వాత కాలువ రేవులో పడవ ఆగేది. రేవు నుంచి ఎద్దుల బండి ఊగుతూ మా ఇంటి ముందుకు వచ్చేది. ఊళ్ళో పిల్లలందరం బండి వెనక పరిగెత్తేవాళ్ళం.

మొదట పందిరి మంచం వచ్చింది. తర్వాత నిలువుటద్దం బీరువా, పాలరాతి పలక బిగించిన పెద్ద బల్ల, మఖమలు పరిచిన కుర్చీలు పన్నెండు, కొమ్ములున్న జింక తల, ఎప్పుడు చూసినా పదీ పదే చూపించే గడియారం. ఒకసారి మనిషెత్తు కొయ్య ఒకటి దిగింది. ఒళ్ళంతా కొంకులు. అదేమిటో ఎవరికీ అంతుబట్టలేదు.

"దొరలు టోపీలు తగిలించుకునేదంట" అన్నాడు నాయన, దాన్ని పంచె చెంగుతో తుడుస్తూ.

"మనింట్లో టోపీ యాడుండాది?" అంది అమ్మ.

"చవగ్గా వచ్చింది లేవే."

"వస్తువు చవగ్గా వస్తే, దాన్ని పెట్టే చోటు కూడా చవగ్గా వస్తదా?"

నాయన నవ్వుతూ దాన్ని లోపలికి మోయించాడు. అప్పట్లో మా ఇంట్లో అమ్మ మాటకు విలువ లేదు. ఆమెది కావలి పక్కన చిన్న సంసారం. ఎన్ని నోళ్ళో అన్ని కంచాలే ఉండే ఇల్లు. అంగడికి పోయేముందు ఇంట్లో ఏం ఉందో చూసుకుని పోవాలని మా అమ్మమ్మ నేర్పిందట. ఆ మాట అంటే నాయన, "లేనోళ్ళ బుద్ధులు ఈడ చెప్పొద్దు" అనేవాడు.

ఐదారేళ్ళలో చావడి నిండిపోయింది. మధ్యలో మనిషి అడ్డంగా తిరిగి నడిచేంత సందు మిగిలింది. సముద్రపు గాలి పోయి వార్నీషు వాసన, కలరా ఉండల వాసన, పాత మఖమలులో ఇంకిపోయిన దుమ్ము వాసన నిలిచాయి. ఊళ్ళోకి ఎవరు కొత్తగా వచ్చినా నాయన తీసుకొచ్చి చూపించేవాడు. వాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. అందుకోసమే కొన్నాడని ఇప్పుడనిపిస్తుంది.

మా ఇంటికి రోజు విడిచి రోజు పాళెం నుంచి ఒక ఆమె చేపలు తెచ్చేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పెనిమిటి సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాలేదు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. పిల్లాడు పుట్టాక కూడా గంప నెత్తిన పెట్టుకుని, వాణ్ణి గుడ్డలో కట్టుకుని వచ్చేది. అమ్మ వడ్లు కొలిచి పోస్తే చేపలు ఇచ్చేది. వంజరం ముక్కలు, కానాగంతలు, ఒక్కోసారి చేటెడు రొయ్యలు. ఆమె వెంట కూతురొచ్చేది. నా ఈడుదే. సన్నగా, నల్లగా, ఎండకు ఎర్రబారిన జుట్టుతో. వాళ్ళమ్మ ఊరంతా తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండేది.

చావడిలో మా ఇద్దరికే తెలిసిన తావు ఒకటుంది. పాలరాతి బల్ల పక్కనే, గోడకు ఎడంగా బీరువాను నిలబెట్టారు. బల్ల మీంచి పాత తివాచీ ఒకటి నేలదాకా వేలాడేది. ఆ తివాచీ ఎత్తి పాక్కుంటూ పోతే బల్ల కిందా, బీరువా వెనకా కలిపి చిన్న గదంత ఖాళీ. మేం దానికి మా ఇల్లు అని పేరు పెట్టుకున్నాం. అక్కడ గవ్వలు, గాజు ముక్కలు, కొబ్బరి చిప్పలు దాచుకున్నాం. వంటింట్లోంచి నేను బెల్లం ముక్క తెచ్చేదాన్ని. తను నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు కొంగున మూటగట్టుకుని తెచ్చేది. బెల్లం, నెత్తళ్ళు కలిపి తింటే ఎలా ఉంటుందో చెబితే ఈ కాలం పిల్లలు ముఖం చిట్లిస్తారు. అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

ఒకరోజు నాయనకు ఆ వాసన తగిలింది. మఖమలు కుర్చీలకు నీచు వాసన పట్టిందని ఇల్లంతా ఎగిరాడు. ఎవరు చేశారో చెప్పమని నన్ను చింతబరికెతో రెండు అంటించాడు. నేను చెప్పలేదు. ఆ పిల్ల తలుపు చాటు నుంచి చూస్తూ ఉంది. మూడోనాడు వచ్చి నా కాళ్ళ మీది చారలకు కొబ్బరి నూనె రాసింది.

"మీ నాయన నిన్ను కొట్టింది కుర్చీల కోసమా?" అని అడిగింది. నవ్వులాటకు కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆ ఏడాది దసరా వెళ్ళాక నాయన ఒక పింగాణీ బొమ్మ తెచ్చాడు. గౌను వేసుకుని నాట్యం చేస్తున్న దొరసాని. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఒకరోజు తాళం వేయడం మరిచిపోయాడు. నేనూ ఆ పిల్లా బొమ్మను మా ఇంటికి చుట్టంగా పిలుద్దామని బల్ల కిందికి తెచ్చాం. నా చేతుల్లోంచే జారింది. తల, చేతులు, గౌను అన్నీ వేరయ్యాయి. ముక్కలను కొబ్బరి చిప్పల వెనక దాచాం. నాయన ఇంకా చూసుకోలేదు. రోజూ ఆయన బీరువా వైపు నడిస్తే నేను తివాచీకి అడ్డంగా పోయి నిలబడేదాన్ని. ఆ బల్ల కింద ఎవరూ చూడకపోతే చాలునని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

కార్తీకం నడుమలో గాలి మొదలైంది. రెండు రోజులు ముసురు. మూడోరోజు పొద్దున నేను చద్దన్నం తింటూ ఉండగా పాళెం నుంచి జనం రావడం మొదలుపెట్టారు. వానకు అడ్డంగా తలలు వంచుకుని, పిల్లల్ని ఎత్తుకుని, గోనెపట్టాలు కప్పుకుని వస్తున్నారు. సముద్రం మొదటి వరుస గుడిసెలను అప్పటికే మింగేసిందన్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. గాలివాన వస్తే మా చావడికి రావడం వాళ్ళకు తాతల నాటి అలవాటు.

నాయన తలుపులు తీశాడు. తీయలేదని అనను. కానీ ముందుగా అద్దానికి దుప్పట్లు కట్టాడు, కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "తడి బట్టల్తో మంచం మీద కూర్చోమాకండి. ఆ బీరువాకు ఆనమాకండి" అని చెబుతూ ఒక్కొక్కరినీ లోపలికి పంపాడు. నలభై మంది వచ్చేసరికి కాలు పెట్టే సందు లేదు. వసారాలో ఇంకో అరవై డెబ్భై మంది నిలబడి తడుస్తున్నారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. "సామాను బయట పారేయించు. మనుషుల్ని లోపలికి రానీ" అంది.

"ఇవి తడిస్తే దేనికీ పనికి రావే."

"ఇప్పుడు దేనికి పనికొస్తా ఉండాయి?"

నాయన వసారాలోకి పోయి, "ఇంక చోటు లేదు. ఊరవతల ఉప్పు కొట్టు ఉండాదిగా, అది ఇటికె గోడలది. వంద మంది పడతారు. ఆడికి పొండి" అన్నాడు. ఉప్పు కొట్టు వాడకం మానేసి చాలా కాలమైంది. గోడలను ఏళ్ళ తరబడి ఉప్పు తినేసింది. గోరుతో గీకితే ఇటుక పొడిపొడిగా రాలేది. ఊళ్ళో పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. నాయనకు తెలియదా?

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెట్లు దిగసాగారు. చేపల అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. చంకలో పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆమె పక్కన కూతురు, వెనక ముసలి అత్త. ఆ పిల్ల జనం కాళ్ళ మధ్య నుంచి దూరి నా దగ్గరికి వచ్చింది. నేను సరిగ్గా పాలరాతి బల్ల ముందు, తివాచీకి వీపు ఆనించి నిలబడి ఉన్నాను.

"అమ్మణ్ణీ, ఈ ఎనకాల చోటుండాది గదా. మా అమ్మనూ తమ్ముణ్ణీ రమ్మంటా" అంది చెవిలో.

నాయన రెండు బారల దూరంలో ఉన్నాడు. మా వైపే చూస్తున్నాడు. తివాచీ ఎత్తితే కొబ్బరి చిప్పలు, వాటి వెనక దొరసాని తల. చింతబరికె వంటింటి చూరులో ఉంది.

"లేదు. అందులో సామాన్లు పెట్టినారు. చోటు లేదు" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. వంగి తివాచీ ఎత్తలేదు, ఇంకోసారి అడగలేదు. నాయన "ఏంది పాపా?" అని కేకేశాడు. "ఏం లేదు నాయనా" అన్నాను. చేపల అక్క "రా బిడ్డా" అని చెయ్యి చాపింది. వాళ్ళు నలుగురూ మెట్లు దిగి వానలోకి పోయారు.

మధ్యాహ్నం దాటాక గాలి ఒక్కసారి ఆగింది. అయిపోయిందనుకున్నారు. కాసేపటికి దక్షిణం వైపు నుంచి తిరిగింది. రెండో గాలికి ఉప్పు కొట్టు దక్షిణపు గోడ లోపలికి కూలింది. పొద్దు వాలేలోగా ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చి ఆ కబురు చెప్పాడు. చావడిలో ఉన్న మగవాళ్ళందరూ లేచి పోయారు. గోడ కింద పడి ఐదుగురు చనిపోయారన్నారు. చేపల అక్క, ఆమె చంకలోని పిల్లాడు, ఆమె అత్త, ఇంకా ఇద్దరు. ఆ పిల్ల తాగడానికి నీళ్ళు పడదామని చిప్ప పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి ఉండటం వల్ల బతికింది.

ఆ రోజే ఇంకో కబురు కూడా తెలిసింది. మైలున్నర దూరంలో పక్కూళ్ళో బెల్లం వ్యాపారం చేసే సాయిబు ఒకాయన, మండీలోని బెల్లం బస్తాలన్నీ వీధిలోకి ఈడ్పించి, కాలువ అవతలి గుడిసెల వాళ్ళను లోపల పెట్టుకున్నాడట. బెల్లమంతా కరిగి వీధి వెంట పోయిందట. ఆ మాట చెబుతున్న మనిషి నాయన వైపు చూడలేదు. కానీ చావడిలో అందరూ విన్నారు. దుప్పటి కట్టిన అద్దానికి ఒక్క గీత కూడా పడలేదు.

మర్నాటికి వాన తెరిపిచ్చింది. చావడిలో ఉన్నవాళ్ళకూ బతికి వచ్చినవాళ్ళకూ గంజి కాయాలి. కట్టెలన్నీ నీళ్ళోడుతున్నాయి. పిడకలు పేడ ముద్దలయ్యాయి. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. అమ్మ లేచి చావడిలోకి వచ్చింది. ఆమె చేతిలో గొడ్డలి ఉంది. టోపీల కొయ్యను మెడ పట్టుకుని ఈడ్చుకుంటూ వసారాలోకి తెచ్చింది. పాత టేకు, ఎండి గలగలలాడుతోంది. మొదటి దెబ్బ వేశాక నాయన అడ్డం వచ్చాడు.

"ఏంది నువ్వు చేసేది?"

"టోపీ ఉండాదా నీకు? ఉంటే చెప్పు, ఆపేస్తా."

వసారా నిండా మనుషులున్నారు. నాయన పక్కకు జరిగాడు. అమ్మ దాన్ని చీలికలు చేసి పొయ్యిలో పెట్టింది. తర్వాత కుర్చీలు. మఖమలు పీకి పసిపిల్లల కింద పరిచింది. మూడు రోజులు మా ఇంట్లో గంజి ఉడికింది ఆ కుర్చీల మీదే. వార్నీషు కాలిన వాసన అన్నంలోకి కూడా వచ్చింది. నేను ఆ గంజి తాగలేకపోయాను.

ఆ తర్వాత ఆరు నెలల్లో చావడి ఖాళీ అయింది. నాయన వద్దనలేదు. కొన్నింటిని వచ్చిన ధరకు అమ్మేశారు. చాలావాటిని కొనేవాళ్ళే లేరు. చవగ్గా వచ్చినవి అంతకన్నా చవగ్గా కూడా పోలేదు. పాలరాతి బల్లను కదిపిన రోజు నేను చావడిలోనే ఉన్నాను. నలుగురు మనుషులు బల్లను ఎత్తుకుపోయాక తివాచీ కింద మా ఇల్లు బయటపడింది. గవ్వలు, చిప్పలు, నెత్తళ్ళ ముళ్ళు, దొరసాని తల. అమ్మ ఆ ముక్కలను చూసింది. తర్వాత ఆ ఖాళీ అంతా కళ్ళతో కొలిచింది.

"ఈడ నలుగురు పట్టేవాళ్ళు" అంది.

నన్ను ఏమీ అడగలేదు. చీపురు తెచ్చి అన్నీ ఊడ్చి చేటలోకి ఎత్తింది. నేను ఏడుస్తానని కాచుకుని ఉందేమో. నాకు ఏడుపు రాలేదు.

ఇంటి కొనుగోళ్ళన్నీ అమ్మ చేతికొచ్చాయి. నెల్లూరు పోయినా విడవలూరు పోయినా, కడుపునిండా అన్నం తిని బయలుదేరేది. ఆకలి మీద అంగడికి పోతే అన్నీ కావాలనిపిస్తాయనేది. పంట అమ్మిన వారం బజారు మొహం చూడనిచ్చేది కాదు. ఏదైనా వస్తువు మీద మనసైతే, ఆ రోజు కొనకూడదు. ఇంటికి రావాలి. వచ్చే అమావాస్య దాకా ఆగాలి. అప్పటికీ గుర్తుంటే, చావడి మధ్యలో నిలబడి అది ఎక్కడ పెడతామో వేలితో చూపించాలి. దానికోసం ఇంట్లోంచి ఏది పోతుందో చెప్పాలి. అవి మంచి బుద్ధులే. నా సంసారంలో నేనూ కొంతవరకు పాటించాను. కానీ అమ్మ నోట ఆ మాటల్లో తడి ఉండేది కాదు. ఒకసారి ఎర్ర రిబ్బను అడిగితే, "యాడ పెడతావు?" అంది. తల చూపించాను. "పాతది తీసెయ్" అంది. కొత్తది వద్దని ఊరుకున్నాను. నవ్వుతూ ఆడుతూ ఉండవలసిన ఇల్లు కడిగిన కంచంలా అయింది. నాయన ఆ చావడిలో అడుగుపెట్టడమే మానేశాడు. పెరటి వైపు నుంచి వచ్చి, అన్నం తిని, పెరటి వైపు నుంచే పొలానికి పోయేవాడు. అమ్మా ఆయనా మాట్లాడుకోవడం నేను తక్కువే విన్నాను.

ఎండాకాలంలో ఆ పిల్ల చేపలు అమ్ముతూ మా వీధిలోకి వచ్చింది. మేనమామ ఇంట్లో ఉంటోందట. వాళ్ళమ్మ గంపే. తలకు పెద్దదై చెవుల మీదికి దిగింది. అరుగు కిందే నిలబడి అమ్మకు చేపలు ఇచ్చి, వడ్లు కట్టించుకుంది. లోపలికి రమ్మని అమ్మ రెండుసార్లు పిలిచింది. "పొద్దుపోతాదమ్మా" అంది.

నేను లోపలికి పరిగెత్తి నా దగ్గరున్న మంచి వస్తువులన్నీ ఏరాను. పూసల దండ, చిన్న అద్దం, కుర్చీ నుంచి నేను చించి దాచుకున్న మఖమలు ముక్క. వీధి చివర ఆ పిల్లను అందుకుని గుప్పిట తెరిచాను. చూసింది. ముట్టుకోలేదు.

"మాకెందుకు? మా గుడిసెలో పెట్టుకోను చోటు లేదు" అంది.

కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. గంప సర్దుకుని పోయింది. నేను ఆ వస్తువులు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

రెండేళ్ళకు మళ్ళీ పెద్ద గాలి వచ్చింది. పొద్దున్నే ఆకాశం రంగు చూసి అమ్మ చావడి కడిగింది. చాపలు పరిచింది. పొడి కట్టెలు అటక మీద ముందే దాచి ఉంచింది. అవ్వ నాటి అండాను దించి గంజి పెట్టింది. రెండు తలుపులూ బార్లా తెరిచింది. జల్లు లోపలికి కొడుతున్నా మూయనివ్వలేదు. పది బారల చావడి, గోడ నుంచి గోడ దాకా ఖాళీగా, మనుషుల కోసం ఎదురుచూస్తోంది.

పాళెం వాళ్ళు వచ్చారు. తలలు వంచుకుని, గోనెపట్టాలు కప్పుకుని, మా ఇంటి ముందు దారి వెంటే వచ్చారు. మా మెట్ల దగ్గర ఆగలేదు. అమ్మ వసారాలోకి వచ్చి నిలబడింది. ముందువరుస దాటిపోయింది. అప్పుడు పెరట్లోంచి నాయన వచ్చాడు. రెండేళ్ళ తర్వాత ఆయన చావడిలో అడుగుపెట్టడం అదే. చావడి దాటి, మెట్లు దిగి, వానలో దారి మధ్య నిలబడ్డాడు. చేతులు చాపాడు.

"రండి! చావడి ఖాళీగా ఉండాది. ఒక్క సామాను లేదు. చూడండి, లోపలికొచ్చి చూడండి."

ఒక ముసలాయన ఆగాడు. మా తాత కాలం నుంచీ గాలివానలకు మా చావడిలో కూర్చున్న మనిషే. చేతులు జోడించాడు.

"మీరు చల్లగా ఉండాలయ్యా. ఆ సాయిబు కాడికి పోతా ఉండాం. ఆడ చోటుండాది."

మర్యాదలో ఏమాత్రం లోటు లేదు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. వెనకాల జనం మా నాయనను అటూ ఇటూ తప్పుకుంటూ పోయారు, వీధిలో రాయిని తప్పుకున్నట్టు. మైలున్నర, ఆ గాలిలో, చంటిపిల్లలతో. ఒక్కరూ మా మెట్లు ఎక్కలేదు. అందరూ పోయాక కూడా నాయన చేతులు దించలేదు. అమ్మే వానలోకి దిగి, ఆయన రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆయన్ను చాప మీద కూర్చోబెట్టి తల తుడిచింది. చిప్పతో గంజి పోసి ఇచ్చింది. ఆయన తాగలేక తాగాడు.

ఆ గుంపులో ఆ పిల్ల కూడా పోయింది. మేనమామ బిడ్డను చంకనేసుకుని ఉంది. తెరిచి ఉన్న మా తలుపుల వైపు ఒకసారి చూసింది. నేను గుమ్మంలో ఉన్నాను. చూపు నా మీద ఆగిందో, నా వెనక చావడి మీద ఆగిందో చెప్పలేను. అదే ఆఖరు. తర్వాత వాళ్ళు కృష్ణపట్నం వైపు పోయారని విన్నాను.

మా నాయన పోయేదాకా ఆ ఐదుగురి పాపం తన ఒక్కడిదే అనుకున్నాడు. అందులో నా పాలు కూడా ఉందని అమ్మకు తెలుసో లేదో తెలియదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బల్ల కింద చోటుందని తెలిసిన మనిషి ఆ రోజు చావడిలో నేను కాక ఇంకొకరే. నేను అబద్ధమాడానని ఆ పిల్లకు తెలుసు. తెలిసీ వానలో వాళ్ళమ్మ వెంట నడిచిపోయింది. మా నాయన తప్పంతా తన తలకే చుట్టుకుంటున్నా, వీధి వీధీ తిరిగి చేపలమ్మే ఆ పిల్ల నోట ఆ మాట ఒక్క ఇంట్లో కూడా రాలేదు. నన్ను కాపాడిందో, నా సంగతి ఎత్తడానికే అసహ్యపడిందో, ఇన్నేళ్ళుగా నాకు తేలలేదు.